ఇండియా గోల్‌కీపరు గారి నాన్న

మడదిబ్బలో అంకమ్మరావంటే సముద్రానికి కూడా కాస్త మొహమాటం అని చెప్పుకునేవాళ్లు. ఆ చెప్పుకునేవాళ్లలో మొదటివాడు అంకమ్మరావే అనుకోండి, అది వేరే సంగతి. కోడూరు దాటి, రొయ్యల చెరువుల మధ్య నుంచి కరకట్ట మీద వెళ్తే, రోడ్డు అయిపోయిన చోట ఆ ఊరు. అక్కడ ఆయన బోటు సరంగు. చుక్కాని పట్టి ముప్పయ్యేళ్లు దాటింది. ఒకసారి వాయుగుండంలో చిక్కుకున్నప్పుడు బోటులో కుర్రాళ్లంతా గంగమ్మకి దండాలు పెట్టుకుంటూ బోర్లా పడుకుంటే, ఈయనొక్కడే నిలబడి బోటుని ఒడ్డుకి తెచ్చాడు. ఇది నిజం. ఆ రోజు బోటులో ఉన్నవాళ్లు ఇప్పటికీ చెప్తారు. కాకపోతే వాళ్లు ఒకసారి చెప్తే ఈయన పదిసార్లు చెప్తాడు. మనిషి పొట్టి, నోరు పొడుగు.

భార్య రాఘవమ్మ. అవనిగడ్డ దాకా చేపలు తీసుకెళ్లి అమ్ముకొచ్చే మనిషి. మొగుడికంటే జానెడు పొడుగు. కొడుకు నరేంద్ర ఒక్కడే. పొడుగు తల్లిది వచ్చింది గానీ, నోరు మాత్రం ఇద్దరిలో ఎవరిదీ రాలేదు. అడిగితే తప్ప మాట్లాడడు, అడిగినా సగమే చెప్తాడు.

ఈ నరేంద్ర అవనిగడ్డలో హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో ఫిలిప్ మాస్టారని ఆటల మాస్టారు ఒకాయన కంటపడ్డాడు. మాస్టారు వాడి చేతుల పొడుగు చూసి, హ్యాండ్‌బాల్ కోర్టులో గోలు ముందు నిలబెట్టాడు. అలా నిలబడ్డవాడు జిల్లా దాటాడు, రాష్ట్రం దాటాడు, గుడివాడలో డిగ్రీ చదువుతూనే నేషనల్స్ ఆడాడు. ఇరవై నాలుగేళ్లు వచ్చేసరికి ఇండియా జట్టులోకి ఎంపికయ్యాడు. మడదిబ్బ నుంచి అంతకుముందు ఇండియాకి ఎగుమతైనవి రొయ్యలూ పీతలే.

హ్యాండ్‌బాల్ అంటే ఏంటో ఊళ్లో ఒక్కడికి తెలిస్తే ఒట్టు. అంకమ్మరావుకీ తెలీదు. తెలీదని ఒప్పుకుంటే ఆయన అంకమ్మరావెందుకవుతాడు? రేవులో అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "ఫుట్‌బాల్ లేదూ, దాన్నే చేత్తో ఆడతారు. ఇటు ఏడుగురు, అటు ఏడుగురు. మనవాడు గోల్‌కీపరు. అంటే ఇండియాకి గుమ్మం కాసేది నా కొడుకన్నమాట."

అసలు కొంప ముంచింది ఆ ఫుట్‌బాల్ మాటే. ఫుట్‌బాల్లో ఒక గోలు పడితే ఆ గోల్‌కీపరు నేలమీద పడి ఏడవడం టీవీలో అందరూ చూశారు. కాబట్టి గోల్‌కీపరన్నవాడు ఒక్కటి కూడా పోనివ్వకూడదని ఊరంతా ఖాయం చేసుకుంది. అంకమ్మరావు ఇంకో అడుగు ముందుకేశాడు. గంగమ్మ గుడి దగ్గర అందరూ వింటుండగా మొక్కుకున్నాడు. "తల్లీ, నా కొడుకు ఒక్క గోలు కూడా పడకుండా కాస్తే నీకు పొట్టేల్ని ఇచ్చుకుంటాను."

"గెలిపించమని మొక్కుకుంటారు గానీ ఇదేం మొక్కయ్యా?" అంది రాఘవమ్మ.

"ఒక్కటీ పడకపోతే ఓడిపోయేదెట్టాగే పిచ్చిదానా?" అన్నాడు.

మర్నాడే పొట్టేలు ఇంటికొచ్చింది.

ఈ సంగతి ఆ నోటా ఈ నోటా ఫిలిప్ మాస్టారి చెవిన పడింది. ఆయన హడావుడిగా ఫోన్ చేశాడు. "అంకమ్మరావు గారూ, దయచేసి ఆ మొక్కు మార్చుకోండి. ఈ ఆటలో ఒక మ్యాచిలో పాతికా ముప్పై గోల్స్ పడటం మామూలండీ. మూడింట్లో ఒకటి ఆపాడంటే వాడు ప్రపంచంలోనే మొనగాడి కింద లెక్క. పైగా మన జట్టు చుట్టుపక్కల దేశాల మీద గెలుస్తుంది గానీ, గల్ఫ్ వాళ్లతో ఆడి గెలవడం చాలా కష్టం. ముందు నుంచీ అంతే."

"మూడు చేపలు పడితే రెండింటిని వదిలేసే వలని ఎవడైనా కొంటాడా మాస్టారూ?" అన్నాడు అంకమ్మరావు. మాస్టారు పాపం క్షేమసమాచారాలడిగి ఫోన్ పెట్టేశాడు.

మ్యాచ్ ఏదో గల్ఫ్ దేశంలో. అవతలి జట్టు కూడా అక్కడిదే. అవనిగడ్డ నుంచి ప్రొజెక్టరు తెప్పించి, సాయంత్రం రేవులో తెల్లగుడ్డ కట్టారు. ఊరంతా వచ్చింది. పిల్లాజెల్లా ముందు, ఆడవాళ్లు పక్కన, మగాళ్లు వెనక. అంకమ్మరావు మధ్యలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పక్కనే పూర్ణచంద్రరావు. రాఘవమ్మకి అన్న, అంకమ్మరావుకి బావ, బోటులో భాగస్తుడు, ఎగతాళిలో ఉద్దండుడు.

జనగణమన పాడినప్పుడు తెర మీద నరేంద్ర మొహం ఇంత పెద్దదిగా కనపడింది. ఊరు ఊరంతా ఈలలు. అంకమ్మరావు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ రెండు నిమిషాలూ ఆయనంత అదృష్టవంతుడు కృష్ణాజిల్లాలో లేడు.

ఆట మొదలైంది. పూర్ణచంద్రరావు బీడీ వెలిగించేలోపు మొదటి గోలు పడింది. అది ఆర్పేలోపు ఇంకో రెండు. అవతలివాళ్లు తాటిచెట్టంత మనుషులు. పరిగెత్తుకొచ్చి, గాల్లోకి లేచి, అక్కణ్ణించి విసురుతున్నారు. బంతి వెళ్లడం కనపడట్లేదు, వల కదలడమే కనపడుతోంది. మధ్యలో నరేంద్ర కొన్ని ఆపాడు. ఒకటి కాలితో, ఒకటి భుజంతో. ఎవరూ పట్టించుకోలేదు. ఇల్లు కాలుతుంటే చెంబెడు నీళ్లు పోసినవాణ్ణి ఎవరు చూస్తారు?

"బావా!" అని కేకేశాడు పూర్ణచంద్రరావు. "మొత్తానికి పొట్టేలు బతికిపోయింది!"

ఇంకేముంది, రేవంతా గొల్లుమంది. అప్పటిదాకా నవ్వాలా వద్దా అని చూస్తున్నవాళ్లంతా ఒక్కసారే నవ్వారు. సగం ఆట అయ్యేసరికి అంకమ్మరావు కుర్చీ ఖాళీ. ఆఖరికి లెక్క ముప్పై ఎనిమిది, పంతొమ్మిది. ముప్పై ఎనిమిది వాళ్లవి.

ఆ తర్వాత రేవులో ఆయనకి ఊపిరి సలపలేదు. వల తెగితే "నరేంద్రని పిలవండ్రా, వాడైతే మొత్తం వదిలేస్తాడు" అనేవాడొకడు. ఐసు ఎన్ని పెట్టెలు కావాలంటే "ముప్పై ఎనిమిది" అనేవాడింకొకడు. వాళ్ల మాటల్లో విషం లేదు, రేవులో ఎవరికైనా జరిగేదే. రేపు ఇంకొకడి వంతు. కానీ జన్మలో ఎప్పుడూ ఎగతాళి పడని మనిషికి అది ముల్లు దిగినట్టు దిగింది. పొట్టేల్ని చూస్తే ఒళ్లు మండి అవనిగడ్డ సంతలో అమ్మేశాడు. కొడుకు ఫోన్ చేస్తే ఎత్తి, మాట్లాడకుండా రాఘవమ్మ చేతికిచ్చేవాడు. ఒక్కసారి మాత్రం పక్కనుంచి గట్టిగా అడిగాడు. "ఎన్ని పోయాయో అడుగు ఇవాళ!" అవతలివాడికి వినపడింది. వినపడాలనే అన్నాడు మరి.

టోర్నమెంటు అయిపోయి నరేంద్ర ఇంటికొచ్చాడు. ఇదివరకైతే అవనిగడ్డ బస్టాండుకి బండేసుకుని వెళ్లి, ముగ్గురికి పరిచయం చేసి మరీ తీసుకొచ్చేవాడు తండ్రి. ఈసారి వాడు షేర్ ఆటోలో వచ్చాడు. ఇంట్లో మాటలన్నీ రాఘవమ్మ మీదుగానే. "వాణ్ణి అన్నం తినమను." "నాన్నని టీ తాగమనమ్మా." మధ్యలో ఆమె పోస్టుమ్యాను ఉద్యోగం చేసింది.

నాలుగో రోజో అయిదో రోజో, మధ్యాహ్నం అన్నాలయ్యాక, అంకమ్మరావు వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. లోపల తల్లితో కొడుకు చెప్తున్నాడు.

"మళ్లీ క్యాంపు ఉందమ్మా. ఎండాకాలంలో ఇంకో టోర్నమెంటు. వస్తావో రావో రేపటికల్లా చెప్పమన్నారు కోచ్ గారు. రానని చెప్పేస్తా."

"అదేంట్రా?"

"నా వల్ల నాన్న రేవులో తలెత్తుకోలేకపోతున్నాడు. ఇక చాలు. గుడివాడలో ఏదో స్కూల్లో ఆటలు నేర్పే పీడీ ఉద్యోగం చూసుకుంటాను."

అంకమ్మరావు వల మీంచి తల ఎత్తకుండానే అన్నాడు. "మంచిపని."

అంతే. రాఘవమ్మ గరిటె చేత్తో పట్టుకుని వాకిట్లోకొచ్చింది. ఇన్నాళ్లూ నోరు మూసుకున్నదంతా ఒక్కసారే బయటికొచ్చింది.

"మంచిపనా? సిగ్గులేదూ ఆ మాటనడానికి? ముప్పయ్యేళ్లు వేటకెళ్లావు. ఎన్నిసార్లు ఖాళీ బోటుతో రాలేదు నువ్వు? డీజిలు డబ్బులు కూడా రాకపోతే చేతులూపుకుంటూ రాలేదూ? ఏనాడైనా నేను గుమ్మంలో నిలబడి ఎన్ని చేపలు పడ్డాయని అడిగానా? వేణ్ణీళ్లు పెట్టి అన్నం పెట్టానా లేదా?"

"అదీ ఇదీ ఒకటేనా?" అన్నాడు అంకమ్మరావు.

"ఏం తేడా?"

"చేప నీళ్ల అడుగున ఉంటుందే. కనపడదు. బంతి ఎదురుగా వస్తోంది గదా! కళ్లెదుట వస్తున్నదాన్ని ఆపడానికేం రోగం? నేనైతే సగం ఆపుతా."

"అయితే లే. ఆపు చూద్దాం" అంది రాఘవమ్మ.

నరేంద్ర "అమ్మా, వద్దు" అంటూనే ఉన్నాడు. కానీ అంకమ్మరావు అప్పటికే పంచె ఎగ్గట్టాడు.

ఎండ తగ్గాక ఒడ్డుకెళ్లారు. అలలు తడిపి వెళ్లిన ఇసుక గట్టిగా ఉన్న చోట రెండు సరుగుడు గుంజలు పాతాడు నరేంద్ర. మధ్యలో మూడు మీటర్లు. ఎదురుగా ఆరు మీటర్ల దూరంలో కాలితో గీత గీశాడు. ఇలాంటివి ఎలా తెలుస్తాయో గానీ, పూర్ణచంద్రరావు ఎక్కణ్ణించో ఊడిపడ్డాడు. బోర్లించిన తెప్ప మీద కూర్చుని "కానీయండి, కానీయండి" అన్నాడు.

మొదట నరేంద్ర తను తెచ్చుకున్న బంతిని మెల్లగా విసిరాడు. తండ్రి రెండు చేతులా పట్టేశాడు. ఇంకోటి విసిరితే అదీ పట్టాడు. మూడోది కాలితో తన్నాడు.

"చూశావా బావా!" అని నవ్వాడు అంకమ్మరావు. "ఇంతేనట్రా మీ ఆట? వాళ్లు విసిరినట్టు విసురు."

"వద్దు నాన్నా."

"విసరరా! పెద్ద చెప్పొచ్చావు."

నరేంద్ర ఒక్క నిమిషం తల్లి వంక చూశాడు. ఆమె కానివ్వమన్నట్టు తలూపింది. వాడు వెనక్కి నడిచాడు. తిరిగి పరిగెత్తుకొచ్చి, గీత దగ్గర గాల్లోకి లేచాడు. అంకమ్మరావు చూస్తూనే ఉన్నాడు. కొడుకు చెయ్యి వెనక్కి వెళ్లడం చూశాడు. ఆ తర్వాత ఏమైందో ఆయనకి తెలీదు. తెలిసేసరికి తను గుంజ పక్కన ఉన్నాడు, మోకాళ్ల మీద, వీపు కొడుకు వైపు తిప్పి, మొహాన్ని రెండు చేతుల్లో దాచుకుని. బంతి తను నిలబడిన చోటు నుంచే, సరిగ్గా మధ్యలోంచి వెళ్లి, అలల్లో పడి తేలుతోంది.

పూర్ణచంద్రరావు పగలబడి నవ్వాడు. "బావా, గుమ్మం కాసేవాడే పారిపోతే ఎట్టాగయ్యా!"

"కాలు జారింది" అన్నాడు అంకమ్మరావు. "మళ్లీ వెయ్యి."

ఈసారి మడమలు ఇసుకలో దిగేలా పాతుకుని నిలబడ్డాడు. కదిలితే నా పేరు అంకమ్మరావు కాదు అనుకున్నాడు. కొడుకు లేచాడు, చెయ్యి వెనక్కి వెళ్లింది, ఈయన మళ్లీ పక్కన ఉన్నాడు. మూడోసారి కూడా అంతే. పళ్లు బిగించినా, గంగమ్మని తలుచుకున్నా ఒంట్లో ఏదో తన మాట వినకుండా లాగేస్తోంది. వాయుగుండంలో వదలని చుక్కాని పట్టు ఏమైందో ఆయనకి అర్థం కాలేదు. 

"నువ్వు లే బావా, నీకు వయసైపోయింది" అని పూర్ణచంద్రరావు దిగాడు. "అల్లుడూ, వెయ్యరా నాకొకటి."

నరేంద్ర వేశాడు. పూర్ణచంద్రరావు "ఓయమ్మో" అని కేకపెట్టి ఇసుకలో కూలబడ్డాడు. బంతి ఆయనకి తగల్లేదు కూడా, చెవి పక్కనుంచి వెళ్లిందంతే. చెవి ఉందో లేదో తడిమి చూసుకుని మెల్లగా లేచాడు. "ఓరి నీ దుంపతెగ. ఇది ఆటేంట్రా?" అన్నాడు. మళ్లీ తెప్ప మీదికి వెళ్లి కూర్చున్నాడు.

అంకమ్మరావు కొడుకు దగ్గరికి వచ్చాడు. ఎన్నో రోజుల తర్వాత సూటిగా వాడి మొహంలోకి చూశాడు.

"నీకు తప్పుకోవాలని ఉండదా?"

"మొదట్లో తప్పుకునేవాణ్ణి నాన్నా. ఫిలిప్ మాస్టారు రోజూ పొద్దున్నే విసిరేవారు. కదలకుండా నిలబడటానికే ఏడాది పట్టింది. ఆపడం తర్వాత సంగతి."

"ఇప్పుడు భయం పోయిందా మరి?"

"పోలేదు" అన్నాడు నరేంద్ర. "ప్రతిసారీ భయమే. ఎదురెళ్తా."

"ఆ రోజు వాళ్లు ఇంతకంటే గట్టిగా విసిరారా?"

"నేను గోల్‌కీపర్ని గదా నాన్నా, నాకు విసరడం సరిగ్గా రాదు. వాళ్లది దీనికి రెండింతలుంటుంది."

అంకమ్మరావు అక్కడే ఇసుకలో కూర్చున్నాడు. మ్యాచ్ గంట సేపు. ఆ గంటలో ముప్పై ఎనిమిది వల్లో పడ్డవి మాత్రమే, కొడుకు ఎదురెళ్లినవి ఎన్నో తనకి తెలియదు. ప్రతిదానికీ వాడు ముందుకే దూకాడు. తను కుర్చీలో కూర్చుని వలని చూశాడు. వాణ్ణి చూడలేదు. పైగా సగంలో లేచి వచ్చేశాడు. ఏడుపొచ్చింది. ఆయన దాచుకోలేదు, దాచుకోవడం ఆయనకి చేతకాదు కూడా.

"నాకు సిగ్గుగా ఉందిరా" అన్నాడు. "నీ వల్ల కాదు. నా వల్ల."

"ఊరుకో నాన్నా."

"రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే ఫోన్ చెయ్యి మీ కోచ్‌కి. వస్తానని చెప్పు."

"మళ్లీ ఓడిపోతాం నాన్నా. ఈసారి కూడా గల్ఫ్ వాళ్లే."

"ఓడిపోండి. నువ్వు వెళ్లకపోతే మాత్రం గెలుస్తారా ఏంటి?"

నరేంద్ర నవ్వాడు. వచ్చినప్పటి నుంచీ వాడు నవ్వడం అదే మొదలు. పక్కకి వెళ్లి ఫోన్ చేశాడు.

మర్నాడు రేవులో ఎవడో అలవాటు కొద్దీ "ముప్పై ఎనిమిది" అన్నాడు. అంకమ్మరావు వాడి దగ్గరికి వెళ్లి, అందరూ వినేలా చెప్పాడు. "ఒరేయ్, నిన్న నా కొడుకు బంతి విసిరితే నేను పారిపోయాను. ఒకసారి కాదు, మూడుసార్లు. మా బావ కూలబడ్డాడు. నీకు సరదాగా ఉంటే చెప్పు, గుంజలు ఇంకా పీకలేదు." వాడు పూర్ణచంద్రరావు వంక చూశాడు. పూర్ణచంద్రరావు చెవి తడుముకున్నాడు. ఆ రోజు సాయంత్రం నలుగురైదుగురు కుర్రాళ్లు గుంజల మధ్య నరేంద్ర బంతికి ఎదురు నిలబడి చూశారు. తర్వాత ఆ మాట రేవులో పెద్దగా వినపడలేదు.

ఎండాకాలం వచ్చింది. వేట నిషేధం రోజులు, బోట్లన్నీ రేవులో కట్టేసి ఉన్నాయి. అంకమ్మరావే అవనిగడ్డ వెళ్లి ప్రొజెక్టరు తెచ్చాడు. ఇంటింటికీ తిరిగి పిలిచాడు. ఎలా పిలిచాడనుకున్నారు? "సాయంత్రం మావాడి మ్యాచ్. ఓడిపోయే మ్యాచే. తప్పకుండా రండి." పెళ్లి పిలుపుకి కూడా అంత నవ్వుకుంటూ ఎవరూ రాలేదు. ఊరంతా వచ్చింది.

ఈసారి ఆయన కుర్చీ వేసుకోలేదు. తెరకి దగ్గరగా, పిల్లల మధ్యలో కూర్చున్నాడు. గోల్స్ పడుతూనే ఉన్నాయి. ఆయన పెదాలు కదుపుతూ, కొడుకు ఎన్నిసార్లు ఎదురెళ్లాడో లెక్కపెట్టుకుంటున్నాడు. రెండో సగంలో ఒకడు మరీ దగ్గర్నించి విసిరిన బంతి నరేంద్ర గుండె మీద తగిలింది. టప్పున చప్పుడు తెర మీంచి కూడా వినపడింది. నరేంద్ర వెల్లకిలా పడ్డాడు. రాఘవమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాసేపటికి వాడు లేచి, గోలు మధ్యలోకి వచ్చి, మళ్లీ చేతులు చాపి నిలబడ్డాడు. అప్పుడు చప్పట్లు మొదలైనవి పూర్ణచంద్రరావు దగ్గర్నించే.

ముప్పై నాలుగు, ఇరవై మూడు. ఓడిపోయారు. జనం లేచి చాపలు దులుపుకుంటుంటే అంకమ్మరావు ఫోను మోగింది. ఈసారి ఆయన దాన్ని రాఘవమ్మకి ఇవ్వలేదు.

"నాన్నా, ముప్పై నాలుగు పోయాయి" అన్నాడు నరేంద్ర, అడక్కముందే.

"అది సరే గానీ, ఎక్కడెక్కడ తగిలింది?"

అవతల జట్టువాళ్ల గోల వినపడింది, తర్వాత తలుపు వేసిన చప్పుడు.

"ఒరేయ్, ఉన్నావా?"

"ఉన్నా నాన్నా." "ఎడం తొడ మీద తగిలింది. మోచెయ్యి వాచింది. గుండె మీద తగిలింది గదా, అది ఇంకా నొప్పిగానే ఉంది. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు."

"ఊపిరి పీలిస్తే నొప్పొస్తోందా?"

"కొంచెం వస్తోంది."

"అయితే వెంటనే డాక్టరుకి చూపించు. రేపు చూద్దాంలే అనకు, ఇప్పుడే వెళ్లు" అన్నాడు అంకమ్మరావు. "చూపించుకుని మళ్లీ చెయ్యి. నేను ఇక్కడే కూర్చునుంటా."